గొంతునొప్పి: ఏది చిన్నది, ఏది పెద్దది

ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపబోవు విషయము పేరునకు చాల చిన్నది. గొంతునొప్పి. ఈ మాట విన్నంతనే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. “పంతులుగారు ఏ పురాణమో చెప్పుదురని రేడియో దగ్గఱ కూర్చుంటిమి, గొంతునొప్పి యనుచున్నారేమి?” యని యనుకొనవచ్చును. నేను వైద్యుడను గాను. చిన్ననాట మా తాతగారి యొద్ద సంస్కృతము చదివికొని, పిమ్మట 36 ఏండ్లు పల్లెటూరి బడులలో తెలుగు చెప్పి, 2018లో విశ్రాంతి పొందినవాడను. ఐనను ఈ విషయమును నేనే కోరి యెన్నుకొంటిని. ఏలయన, గొంతునొప్పి విషయమున నే నొక తప్పు చేసితిని. ఆ తప్పు మఱియొక పెద్దమనిషి చేయకుండుటకై, వైద్యుల నడిగి తెలిసికొన్నదియు, అనుభవించి తెలిసికొన్నదియు మీ ముందుంచదలచితిని.

మొదట గొంతనగా నేమో చూతము. గ్రామమునకు పొలిమేర యెట్టిదో, దేహమునకు గొంతు అట్టిది. అన్నము లోనికి పోవు దారియు, ఊపిరి లోనికి పోవు దారియు అచ్చటనే కలిసి, అచ్చటనే విడిపోవును. నోరు తెఱచి అద్దములో చూచినచో, నడుమ వ్రేలాడునది కొండనాలుక. దానికి ఇరుప్రక్కల రేగుపండ్లవలె రెండు గడ్డలు కనబడును. వానినే టాన్సిల్స్ అందురు. అవి పొలిమేరను కాచు తలారులవంటివి. వెలుపలి నుండి వచ్చు క్రిములను మొదట నెదిరించునవి యవియే. పోరు జరుగుచోట ఎఱుపు, వాపు, మంట, నొప్పి పుట్టుట సహజము. కావున గొంతునొప్పి యనునది ఒక రోగము పేరు గాదు. పొలిమేరలో నేదో తగవు జరుగుచున్నదని తెలుపు కేక మాత్రమే. ఆ వచ్చినవాడు ఎవడని విచారించుటయే మన పని.

వచ్చువారిలో ఎక్కువమంది చిల్లర దొంగలు. పెద్దలకు వచ్చు గొంతునొప్పులలో పదింట తొమ్మిదియు, పిల్లలకు వచ్చువానిలో పదింట ఏడెనిమిదియు వైరసుల వలననే కలుగుచున్నవి. పడిశము తెచ్చునవియు, 2020లో లోకమునంతను గడగడలాడించిన కరోనాయు ఈ జాతివే. వీని గుర్తులు మీ రెఱుగనివి గావు. ముక్కు కాఱును, తుమ్ములు వచ్చును, దగ్గు వచ్చును, గొంతు బొంగురుపోవును, కన్నులు ఎఱ్ఱబడును. ఇట్టి నొప్పి మూడవ నాటికి ముదిరి, వారము దినములలో తనంత తానే తగ్గిపోవును. దీనికి యాంటీబయాటిక్ మందు లేవియు పనిచేయవు. ఆ మందులు మఱియొక జాతి క్రిములను చంపునవి. వైరసుల జోలికి పోలేవు. ఐనను మన పల్లెలలో గొంతు కొంచెము గరగర మన్నంతనే “ఒక సూది వేయించుకొందము, రెండు ఘాటైన మాత్రలు మ్రింగుదము” అను తొందర కలదు. అక్కఱలేని చోట వేసిన మందు వలన కడుపు చెడును. అంతేకాక క్రిములు ఆ మందునకు అలవాటుపడి, నిజముగా కావలసిన నాడు లొంగకుండ పోవును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత ఇట్టివారినిగూర్చియే పుట్టినది.

మఱి, ఆ వారము దినములు బాధ పడుచు కూర్చుండవలెనా? అక్కఱలేదు. మన వంటింటిలోనే ఊఱట కలిగించునవి పెక్కు కలవు. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కరగించి, తల వెనుకకు వంచి, గొంతులో గరగరలాడించి ఉమ్మివేయవలెను. దినమునకు మూడు నాలుగు మారులు చేయవచ్చును. ఆ నీటిని మ్రింగరాదు; రక్తపుపోటు గలవారు ఈ మాట మఱువరాదు. పుక్కిలించుట రాని పసిపిల్లలచే దీనిని చేయింపవలదు. వేడి మిరియాల చారు, పలుచని గంజి, తులసి వేసి కాచిన నీరు, అల్లపురసముతో తేనె, రాత్రివేళ పసుపు వేసిన పాలు, ఇవన్నియు గొంతునకు మెత్తన చేయునవియే. కరక్కాయ ముక్కను బుగ్గన నుంచుకొనుట మన పెద్దల అలవాటు. అదియు దగ్గును కొంత అణచును. అతిమధురము మంచిదే కాని, దానిని రోజుల తరబడి విశేషముగా వాడినచో రక్తపుపోటు పెరుగును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు; తేనెలోనుండు ఒకానొక క్రిమి బీజము వలన అట్టి పసివారికి ప్రమాదము కలుగవచ్చును. నొప్పియు జ్వరమును ఎక్కువగా నున్నచో, వయస్సునకు తగిన మోతాదున పారాసిటమాల్ చాలును. పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు. మరుగు నీళ్ల పాత్రను పిల్లల ముందుంచి ఆవిరి పట్టించుటయు వలదు. అట్లు ఒడలు కాల్చుకొన్న పిల్లలను నేనే చూచియుంటిని.

మా నాయనమ్మ కాలమున ఇంకొక పద్ధతి యుండెడిది. దగ్గు వచ్చినచో “కొండనాలుక దిగినది” అని, వ్రేలిపై ఉప్పు నుంచి కొండనాలుకను గట్టిగా నొక్కెడివారు. మఱికొందఱు సున్నమును బెల్లమును కలిపి గొంతునకు పట్టు వేసెడివారు. మొదటిదాని వలన వాచినచోట గాయమగును. రెండవదాని వలన చర్మము పొక్కును. వారి ప్రేమకు నమస్కరించి, ఆ పద్ధతులను మాత్రము విడిచిపెట్టుదము.

అటులని మన ప్రాచీన వైద్యులు గొంతును గూర్చి యెఱుగనివారని తలపకుడు. సుశ్రుతుడు నోటి రోగములను 65గా లెక్కించి, వానిలో 17 కంఠమునకే చెందినవని చెప్పెను. అందు రోహిణి యను నొకటి కలదు. గొంతులో మొలకలవంటివి పుట్టి, శ్వాసమార్గమును మూసి, ప్రాణము తీయునని దాని లక్షణము. నోటినిండ ఔషధద్రవమును కదలింపక పట్టియుంచుటను గండూషమనియు, కదలించి పుక్కిలించుటను కవళమనియు వారు వేఱువేఱుగా నిరూపించిరి. అనగా, గొంతునొప్పి యంతయు నొక్కటి గాదనియు, కొన్ని పుక్కిలించిన పోవునవియు, కొన్ని ప్రాణము మీదికి తెచ్చునవియు ననియు వారు ఎఱిగినదే. మనమే ఆ భేదమును మఱచి, అన్నిటిని ఒక్క గాటను కట్టుచున్నాము. ఆ మఱపు నాకును కలిగెను. ఆ కథ చెప్పెదను.

అది 1987వ సంవత్సరము, భాద్రపద మాసము. కృష్ణాతీరమున నొక చిన్న గ్రామములో నేను పంతులుగా నుంటిని. నా తరగతిలో 11 ఏండ్ల బాలుడొకడు. కౌలురైతు కొడుకు. పద్యము చదివినచో బడి యంతయు నిశ్శబ్దమైపోయెడిది. సీసపద్యపు దీర్ఘ పాదమును నడుమ ఊపిరి తీయకుండ చదువగల గొంతు వానిది. ఆ బాలునకు ఒకనాడు హఠాత్తుగా జ్వరము వచ్చెను. గొంతునొప్పి, మెతుకు దిగదు. దగ్గు లేదు, పడిశము లేదు. దవడ క్రింద ఇరుప్రక్కల గడ్డలు కట్టి, ముట్టిన నొప్పి. తండ్రి వానిని పట్టణమునకు తీసికొనిపోయెను. అచ్చటి వైద్యుడు నోరు తెఱపించి చూచి, టాన్సిల్స్ మీద తెల్లని చీము చుక్కలున్నవని చెప్పి, 10 దినములకు పెన్సిలిన్ మాత్రలు వ్రాసియిచ్చెను. తండ్రి చేతిలో నున్న డబ్బునకు నాలుగు దినముల మాత్రలు వచ్చినవి. మూడవనాటికి జ్వరము దిగినది. నాలుగవనాటి సాయంకాలము అతడు మా యింటి అరుగు దగ్గఱ నిలిచి నన్నడిగెను.

“అయ్యగారూ, పిల్లవాడికి నెమ్మదించింది. మిగిలిన మాత్రలు కూడా కొనమంటారా?”

నేను చదువుకొన్నవాడను. ఊరిలో నా మాటకు విలువ యుండెడిది. వైద్యుడు 10 దినము లెందుకు చెప్పెనో నాకు తెలియదు. తెలియదని చెప్పుటకును నాకు మనసు రాలేదు. “జ్వరమే లేనప్పుడు మందెందుకయ్యా? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. ఇక చాలించు” అంటిని. సామెత బాగుగా కుదిరినదని లోలోపల సంతసించితిని గూడ. అతడు నమస్కరించి వెళ్లిపోయెను.

మూడు వారములు గడచినవి. ఒకనాడు బాలుడు కుంటుచు బడికి వచ్చెను. మోకాలు వాచియున్నది. ఆటలో తగిలిన దెబ్బ యనుకొని నూనె రాయుమంటిని. రెండు దినములకు మోకాలు తగ్గి, చీలమండ వాచెను. అది తగ్గి మణికట్టు వాచెను. నొప్పి యొక కీలు నుండి మఱియొక కీలునకు వలస పోవుచున్నది. మఱల జ్వరము వచ్చెను. తరువాత నాలుగడుగులు వేసిన ఆయాసము. అప్పుడు భయపడి, తండ్రియు నేనును వానిని జిల్లా కేంద్రములోని పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అచ్చటి వైద్యుడు గుండె మీద గొట్టము పెట్టి చాలసేపు విని, తలయెత్తి అడిగిన మొదటి ప్రశ్న యిది: “ఈ మధ్య గొంతునొప్పి వచ్చినదా?”

తండ్రి ఉన్నదున్నట్లు చెప్పెను. “వచ్చిందండీ. మాత్రలు నాలుగు రోజులు వేశాం. జ్వరం తగ్గింది. మా అయ్యగారు ఇక చాలన్నారు.”

వైద్యుడు నావైపు చూచెను; ఏమియు ననలేదు. నే నా గదిలోనే యుంటిని. ఏదైన అనియుండిన బాగుండెడిదని నేటికిని తోచుచుండును.

గొంతునకును, మోకాలికిని, గుండెకును సంబంధమేమని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. వైద్యులు చెప్పినది మన భాషలో చెప్పెదను. స్ట్రెప్టోకాకస్ అను నొక సూక్ష్మక్రిమి కలదు. అది వైరసు గాదు. చిల్లర దొంగయు గాదు. 5 ఏండ్లకును 15 ఏండ్లకును నడుమనున్న పిల్లల గొంతు దానికి ఇష్టమైన స్థానము. ఈ క్రిమి మీద నుండు పొరకును, మన గుండెలోని కండకును కొంత పోలిక కలదు. దొంగ యింటివారి కండువా కప్పుకొని వచ్చిన ట్లనుకొనుడు. తలారి ఆ కండువాను గుర్తుపెట్టుకొని దొంగను తఱుమును. దొంగ వెడలిపోయిన తరువాత గూడ, అదే కండువా కప్పుకొన్న ఇంటిబిడ్డను చీకటిలో చూచి, దొంగ యనుకొని కొట్టును. అట్లే మన దేహరక్షణ శక్తి, క్రిమి పోయిన రెండు మూడు వారములకు, తన కీళ్ల మీదను, తన గుండె మీదను తానే తిరుగబడును. దీనినే కీళ్లవాత జ్వరమందురు. కీళ్ల వాపు కొన్ని వారములలో ఆనవాలు లేకుండ పోవును. గుండె కవాటములకు తగిలిన దెబ్బ మాత్రము తఱచుగా పోదు. తలుపు రెక్కలు బిరుసెక్కిన గుమ్మమువలె, ఆ కవాటములు సరిగా తెఱచుకొనవు, సరిగా మూసికొనవు. పైకి కీళ్ల జబ్బువలె కనబడి, లోన గుండెను కఱచునది యిది. గొంతునొప్పి వచ్చిన పిల్లలందఱకు నిట్లు జరుగదు. కొద్దిమందికే జరుగును. కాని, ఆ కొద్దిమంది ఎవరో ముందుగా నెవరును చెప్పలేరు.

దీనిని ఆపు ఉపాయము మానవునకు దొరికి ఎంతో కాలము కాలేదు. 1928లో లండనులో అలెగ్జాండరు ఫ్లెమింగు ఒక బూజు నుండి పెన్సిలిన్‌ను కనుగొనెను. ఫ్లోరీ, చెయిన్ అను పండితులు దానిని మందుగా రూపొందింపగా, ఆ మువ్వురకు 1945లో నోబెలు బహుమానము లభించెను. అమెరికాలోని వయోమింగు రాష్ట్రమున వారెన్ వైమానిక స్థావరములో గొంతునొప్పి వచ్చిన సైనికులకు పెన్సిలిన్ ఇచ్చి చూడగా, కీళ్లవాత జ్వరము చాలవఱకు రాకుండ పోయెనని 1950లో వైద్యులు ప్రకటించిరి. గొంతునొప్పి మొదలైన 9 దినముల లోపల ఈ మందు ఆరంభించినను గుండెను కాపాడవచ్చునని పిమ్మట తేలినది. ఆ క్రిమి నేటికిని పెన్సిలిన్‌కు లొంగుచునే యున్నది. ఇది మన అదృష్టము.

ఇక 10 దినముల సంగతి. జ్వరము మూడవనాటికి తగ్గుట, క్రిమి చచ్చినదనుటకు సాక్ష్యము గాదు. మందు వేయకున్నను జ్వరము ఇంచుమించుగా నాలుగైదు దినములలో తగ్గును. క్రిమి మాత్రము గొంతులో దాగి యుండును. దానిని వేళ్లతో పెకలించుటకే 10 దినములు. చేలో కలుపు కోసినచో పైకి శుభ్రముగా కనబడును. వేరు పెకలింపకున్న మఱల మొలచును. సేద్యము చేసిన మీకు ఇంతకంటె చెప్పవలసినది లేదు. మాత్రలు 10 దినములు వేయుట కష్టమనుకొన్నచో, ఒక్కసారి పిఱుదునకు వేయు దీర్ఘకాలపు పెన్సిలిన్ సూది కలదు. వైద్యుడు తగునన్నచో అదియొక్కటియే చాలును. ఇదివఱకు పెన్సిలిన్ పడక ఒడలు దద్దురులెక్కినవారు, ఆయాసపడినవారు ఆ సంగతిని ముందుగానే వైద్యునకు చెప్పవలెను. అట్టివారికి వేఱు మందులు కలవు.

గుఱుతులు మఱల చెప్పెదను, వినుడు. హఠాత్తుగా వచ్చిన జ్వరము. మ్రింగినప్పుడు పదునైన నొప్పి. మెడ ముందుభాగమున నొప్పిగల గడ్డలు. టాన్సిల్స్ మీద తెల్లని చీము. దగ్గు, పడిశము లేకుండుట. ఇవి పిల్లవానిలో కనబడినచో, అది వంటింటి మందుతో సరిపెట్టుకొనవలసిన నొప్పి గాదు. వైద్యునకు చూపవలెను. ఆయన గొంతు నుండి దూదిపుల్లతో తుడిచి పరీక్ష చేయవచ్చును. చేయు వసతి లేనిచోట గుఱుతులను బట్టి నిశ్చయించును. దగ్గు, తుమ్ములు, బొంగురు గొంతు ఉన్నచో చాలవఱకు నిశ్చింతగా నుండవచ్చును.

ఇంకొక గుఱుతు ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది. ఇదే జబ్బు కొందఱు పిల్లలలో, గొంతునొప్పి మఱచిపోయిన కొన్ని నెలలకు, మెదడును తాకును. చక్కగా వ్రాయు పిల్ల వ్రాత వంకరలు పోవును. చేతులు తమంత తామే కదలును, ముఖము చిట్లించినట్లగును, చేతిలోని గ్లాసు జారిపడును. ఇంటివారు పొగరనుకొందురు, పంతుళ్లు అల్లరి యనుకొని దండింతురు. అది అల్లరి గాదు, వ్యాధి. అట్టి పిల్లను ఆసుపత్రికి పంపవలెనే కాని గోడకుర్చీ వేయింపరాదు.

సుశ్రుతుని రోహిణిని తలపించు కంఠసర్పిని గూర్చియు రెండు మాటలు. దానినే డిఫ్తీరియా యందురు. గొంతులో బూడిద రంగు పొర యేర్పడి, తుడిచిన రాక, బలవంతముగా తీసిన రక్తము కాఱును. మెడ ఎద్దు మెడవలె వాచును. దాని విషము గుండెను, నరములను చెఱచును. ఆ విషమునకు విరుగుడు మందును రూపొందించినందులకే 1901లో బెహ్రింగు పండితునకు వైద్యములో మొట్టమొదటి నోబెలు బహుమాన మిచ్చిరి. ఇది పాతకాలపు రోగము గదా యనుకొనరాదు. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రిని జనులు “కోరంటి” అందురు. వెలివాసపు ఇంగ్లీషు పదమే మన నోటిలో అట్లు మాఱినది. 2000 తరువాతి సంవత్సరములలో గూడ అచ్చటికి కంఠసర్పి వచ్చిన పిల్లలను తెచ్చుచునే యుండిరి. దీనికి టీకా యున్నది. బిడ్డ పుట్టిన 6, 10, 14 వారములకును, ఏడాదిన్నర ప్రాయమునను, 5 ఏండ్లు నిండిన తరువాతను, 10వ యేటను, 16వ యేటను ప్రభుత్వమువారు ఉచితముగా వేయుచున్నారు. మొదటి మూడు వేయించి తక్కినవి మఱచు ఇండ్లు పెక్కు. మీ మనుమల టీకాల కార్డును ఒకసారి తీసి చూడుడు.

ఇక పిల్లల గొంతు విడిచి, మన గొంతులకు వత్తము. అఱువది దాటిన మనకు స్ట్రెప్టోకాకస్ భయము తక్కువ. చుట్ట భయము ఎక్కువ. గొంతు బొంగురుపోయి మూడు వారములు దాటినను బాగుపడనిచో, మ్రింగునప్పుడు ఒకేచోట అడ్డుపడుచున్నచో, మెడలో నొప్పిలేని గడ్డ పెరుగుచున్నచో, ఉమ్మిలో రక్తము కనబడినచో, అది పుక్కిలించుటకు తగ్గునది గాదు. పుట్టకురుపేమో చూపించుకొనవలెను. మొదట్లో పట్టుబడినచో కుదుర్చుట సులభము. ఉత్తరాంధ్ర తీరమున కొందఱు స్త్రీలు నిప్పుకొసను నోటిలో నుంచుకొని చుట్ట కాల్తురు. అడ్డపొగ యను నీ యలవాటు వలన అంగిలికి పుట్టకురుపు కలుగునని వైద్యులు ఏనాడో తేల్చిరి. అట్టి పెద్దమ్మ లెవరైన మీ యింట నున్నచో, ఈ మాట వారి చెవిని వేయుడు.

ఏ వయస్సువారికైనను, ఉమ్మి గూడ మ్రింగలేక చొంగ కాఱుచున్నచో, ఊపిరి తీయునప్పుడు గురగుర శబ్దము వచ్చుచున్నచో, నోరు తెఱువలేకున్నచో, గొంతు ఒకప్రక్క మాత్రమే ఉబ్బి మాట ముద్దగా వచ్చుచున్నచో, తెల్లవాఱువఱకు ఆగరాదు. నోటిలో వ్రేళ్లు పెట్టి చూడరాదు. కూర్చుండబెట్టి, వెంటనే 108 బండిని పిలువవలెను.

ఇప్పుడు ఆ బాలుని కథ ముగించెదను. ప్రాణము దక్కెను. గుండెకు మాత్రము దెబ్బ తగిలెను. మఱల అదే క్రిమి గొంతులో చేరినచో గుండె ఇంకను చెడునని, మూడు వారముల కొకమాఱు పెన్సిలిన్ సూది తప్పక వేయింపవలెనని వైద్యుడు చెప్పెను. తండ్రికి కూలిపని మానుకొని పోవుట కష్టము. నేను వానిని నా సైకిలు వెనుక కూర్చుండబెట్టుకొని పట్టణమునకు తీసికొనిపోవ నారంభించితిని. ఏడేండ్లు అట్లే తిరిగితిమి. ఆ సూది చాల నొప్పి పెట్టును. తిరుగుదారిలో వాడు పెదవి కఱచుకొని మాటలాడక కూర్చుండెడివాడు. 1990 మే నెల తుపానులో దారులు తెగి, ఒక్కసారి మాత్రము 10 దినము లాలస్యమయ్యెను. ఆ 10 దినములు నాకు నిద్ర లేదు. దైవకృప వలన కీడేమియు జరుగలేదు. 2003లో హైదరాబాదులో వానికి కవాటము మార్చిరి. ఇప్పుడు పట్టణములో పుస్తకముల దుకాణము నడుపుకొనుచు, భార్యాబిడ్డలతో నున్నాడు.

2018లో నా పదవీ విరమణ సభకు వాడు వచ్చెను. అందఱును పద్యము చదువుమని కోరిరి. చదివెను. ఒకప్పుడు పాదమంతయు ఒక్క యూపిరిలో చదివినవాడు, ప్రతి పాదములో రెండుమార్లు ఆగి ఊపిరి తీసికొనెను. సభవారు అది రాగమునకై యనుకొని చప్పట్లు కొట్టిరి. సభ ముగిసిన తరువాత వానిని ఒంటరిగా పిలిచి, 30 ఏండ్లుగా చెప్పలేని మాట చెప్పితిని. “నాయనా, ఆనాడు మీ నాన్నకు మందు చాలని చెప్పినవాణ్ణి నేనే” అంటిని. వాడు నవ్వి, “తెలుసండీ, నాన్న చెప్పాడు. మీరు సైకిలు మీద తిప్పకపోతే నేనీ పాటికి ఉండేవాణ్ణి కాదు” అనెను. అది వాని మంచితనము. నా తప్పు దాని వలన ఒప్పు గాదు.

మహాశయులారా! వైద్యుని మాట విని వచ్చినవాడు గూడ, ఇంటికి పోవుచు మీ అరుగు దగ్గఱ ఆగును. “పెద్దవారు, మీరేమందురు?” అని యడుగును. ఆ క్షణమున మీ నోటినుండి వచ్చు మాటకు వైద్యుని చీటి కంటె బలమెక్కువ. తెలిసినచో చెప్పుడు. తెలియనిచో “నాకు తెలియదు, పోయి వైద్యునే యడుగుము” అనుడు. ఆ మాట యనుట వలన పెద్దఱికము తఱుగదు. మాత్రలు కొనుటకు డబ్బు చాలదని తోచినచో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. అదియు కుదరనిచో మన మూరివారము గదా, తలా కొంత వేసికొందము. ఆఱు దినముల మాత్రల వెలతో ఒక బాలుని గొంతు, గుండె రెండును నిలిచియుండెడివి.

మీ గొంతులును, మీ బిడ్డల గొంతులును చల్లగా నుండుగాక!